రెండు స్క్రీన్ల ల్యాప్‌టాప్: క్లయింట్ల దగ్గరకు తిరిగే పనికి తీసుకోవచ్చా?

తెనాలి_పద్దు | నవంబరు 21, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను తెనాలిలో జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు చూస్తాను. ఆఫీసులో ల్యాప్‌టాప్‌కి 24 అంగుళాల మానిటర్ తగిలించుకున్నాను కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా బయటే. నెలలో సగం రోజులు క్లయింట్ల దగ్గరే కూర్చోవాలి. గుంటూరు మిర్చి యార్డులో నలుగురు కమీషన్ ఏజెంట్లు, మంగళగిరిలో ఒక చీరల షాపు, తెనాలిలో రెండు రైసు మిల్లులు.

14వ తేదీన పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి (సప్లయర్లు వేసిన బిల్లుల ప్రకారం మనకు వచ్చే క్రెడిట్ జాబితా) వస్తుంది. 20లోగా 3బి (నెల రిటర్ను) వేసేయాలి. ఆ ఆరు రోజులూ ఒకటే పని. ఒక కిటికీ(విండో)లో 2బి ఎక్సెల్, ఇంకో కిటికీలో టాలీ (పద్దుల సాఫ్ట్‌వేర్) పర్చేజ్ రిజిస్టర్. 14 అంగుళాల స్క్రీన్ మీద రెండూ పక్కపక్కన పెడితే కాలమ్‌లు కనపడవు. అందుకని ఆల్ట్ ట్యాబ్ కొట్టుకుంటూ కూర్చుంటాను. మొన్న 18న ఒక ఇన్‌వాయిస్ 1,08,600 ఉంటే 1,80,600 అని మనసులో పెట్టుకుని అవతలి స్క్రీన్‌కి వెళ్ళాను. తేడా 72,000 ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడానికి గంటన్నర పట్టింది. అంకె చూసి, స్క్రీన్ మార్చి, మళ్ళీ గుర్తు తెచ్చుకునే ఆ రెండు సెకన్లలోనే తప్పు దొర్లుతోంది.

రెండు స్క్రీన్లున్న ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయని విన్నాను. నా దగ్గర 1,70,000 దాకా ఉంది. వాడినవాళ్ళు మంచీ చెడూ రెండూ చెప్పండి. షాపులో అడిగితే మంచి ఒక్కటే చెబుతున్నారు.

పిక్సెల్_బాబాయ్ | నవంబరు 21, రాత్రి 11:25

మేడమ్, డ్యూయల్ స్క్రీన్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ముందు అది తేలాలి.

మొదటిది పట్టీ రకం. మామూలు ల్యాప్‌టాప్‌లాగే ఉంటుంది, కీబోర్డు పైభాగంలో అడ్డంగా ఒక సన్నటి స్క్రీన్ ఉంటుంది. 2019లో కంప్యూటెక్స్ అనే కంప్యూటర్ల ప్రదర్శనలో ఆసుస్ జెన్‌బుక్ ప్రో డుయో అని చూపించింది. పైన 15.6 అంగుళాల 4కె ఓఎల్ఈడీ (చుక్క చుక్కా తనంతట తానే వెలిగే స్క్రీన్), కింద 14 అంగుళాల పట్టీ, 3840 × 1100 చుక్కలు (పిక్సెళ్ళు). బరువు రెండున్నర కిలోలు. దాని తమ్ముడు 14 అంగుళాల జెన్‌బుక్ డుయోలో పట్టీ 12.6 అంగుళాలు, 1920 × 515. అంటే నిలువునా 515 చుక్కలే. అందులో ఎక్సెల్ తెరిస్తే పైన రిబ్బన్, కింద షీట్ల పేర్లు పోను మహా అయితే పది పన్నెండు వరసలు కనపడతాయి. వీడియో ఎడిటింగ్ టైమ్‌లైన్‌కి, పాట మిక్సింగ్‌కి అది బంగారం. మీ 2బికి పనికిరాదు.

రెండోది రెండు పూర్తి స్క్రీన్ల రకం. 2023 జనవరిలో లెనోవో యోగా బుక్ 9ఐ చూపించింది, రెండూ 13.3 అంగుళాలు. 2024 జనవరిలో ఆసుస్ కొత్త జెన్‌బుక్ డుయో, రెండూ 14 అంగుళాలు. వీటిలో కీబోర్డు విడిగా ఊడి వస్తుంది. ఈ కొత్త డుయోలో వెనకాల స్టాండు ల్యాప్‌టాప్‌కే ఉంటుంది. స్టాండు తెరిచి నిలబెడితే స్క్రీన్ మీద స్క్రీన్, ముందు కీబోర్డు. పనైపోయాక కీబోర్డు కింది స్క్రీన్ మీద పెట్టేస్తే మామూలు ల్యాప్‌టాప్. కీబోర్డు లేకుండా 1.35 కిలోలు, కీబోర్డుతో 1.65.

ధర: మన దేశంలో విడుదలైనప్పుడు ఈ కొత్త డుయో 1,59,990 నుంచి మొదలైంది, యోగా బుక్ 2,24,999. మీ బడ్జెట్‌కి డుయోనే అందుతుంది.

పాత_ఇనుము | నవంబరు 22, ఉదయం 6:50

పాత ల్యాప్‌టాప్‌లు పోగేసే అలవాటున్న వాడిని, అందుకే నాలుగు మాటలు. ఈ ఆలోచన కొత్తది కాదు. 2008 చివర్లోనే లెనోవో థింక్‌ప్యాడ్ డబ్ల్యూ700డీఎస్ అని తెచ్చింది. 17 అంగుళాల స్క్రీన్ వెనక నుంచి 10.6 అంగుళాల ఇంకో స్క్రీన్ సొరుగులాగా బయటికి లాగాలి. మొత్తం బరువు ఐదు కిలోలు! 2010లో తోషిబా లిబ్రెటో డబ్ల్యూ100, రెండు 7 అంగుళాల స్క్రీన్లు. అదే ఏడాది ఏసర్ ఐకోనియా ప్రకటించారు, రెండు 14 అంగుళాల టచ్ స్క్రీన్లు, 2.8 కిలోలు.

ఈ చివరి రెంటిలోనూ అసలు కీబోర్డే లేదు. గాజు మీదే టైపు చెయ్యాలి. వేలికి మీట తగలకపోతే కన్ను కిందికి దిగాలి. కన్ను కిందికి దిగితే పై స్క్రీన్‌లో ఏముందో పోతుంది. ఆ రకం నిలబడకపోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం. 2019 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ కూడా సర్ఫేస్ నియో అని రెండు 9 అంగుళాల స్క్రీన్లది చూపించింది, దానికోసం విండోస్ 10ఎక్స్ అని ప్రత్యేకంగా రాయించింది. చివరికి ఆ విండోసూ రాలేదు, ఆ మెషీనూ రాలేదు.

కాబట్టి అసలైన మీటలున్న కీబోర్డు పెట్టెలోనే ఇస్తున్నారా లేదా అన్నది మొదట చూడండి. మిగతావన్నీ తర్వాత.

డల్లాస్_తమ్ముడు | నవంబరు 22, ఉదయం 8:15

అక్కా, నేను వేరేగా చెప్తాను. లక్షన్నర ఎందుకు పెట్టడం? 15.6 అంగుళాల పోర్టబుల్ మానిటర్ ఇండియాలో పది వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. కిలోలోపే ఉంటుంది. ఉన్న ల్యాప్‌టాప్‌కి తగిలించుకోండి. నాకు నెలకి రెండు సార్లు ఆఫీసు ప్రయాణాలుంటాయి, మూడేళ్ళుగా హోటల్ గదుల్లో ఇదే వాడుతున్నాను. మానిటర్ పాడైతే మానిటరే మార్చుకుంటాం, ల్యాప్‌టాప్ పాతబడితే ల్యాప్‌టాపే మార్చుకుంటాం. రెండూ ఒకే ఒంట్లో ఉంటే ఒకటి పోయినా రెండూ సర్వీసుకెళ్ళాల్సిందే కదా.

కొనేముందు ఒకటి చూసుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు. దానికి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (అదే పోర్టు నుంచి బొమ్మ పంపే సదుపాయం) ఉండాలి. తక్కువ ధర మోడళ్ళలో చాలావాటికి ఉండదు. అప్పుడు బొమ్మకి హెచ్‌డీఎంఐ ఒక వైరు, కరెంటుకి యూఎస్‌బీ ఇంకో వైరు.

ఇంట్లో ఐప్యాడ్, మ్యాక్‌బుక్ రెండూ ఉన్నవాళ్ళకైతే ఆ ఖర్చు కూడా లేదు, ఐప్యాడ్‌నే రెండో స్క్రీన్ చేసే సదుపాయం, 2019 నుంచి సైడ్‌కార్ ఉంది. మీది విండోస్‌లో నడిచే టాలీ కాబట్టి అది లెక్కలోకి రాదు.

తెనాలి_పద్దు | నవంబరు 22, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే, నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ నేను కూర్చునే చోటు ఎలా ఉంటుందో చెప్తాను. యార్డులో కొట్టు ముందు భాగమంతా టిక్కీలు (మిర్చి బస్తాలు). లోపల సేటు గారి బల్ల, దాని పక్కన గుమస్తా బల్ల. గుమస్తా గారు కాస్త జరిగి నాకు సగం ఇస్తారు. ఆ సగంలోనే బిల్లుల కట్ట, కాలిక్యులేటర్, నాకు తెచ్చిన టీ గ్లాసు. పక్కకి పెట్టడానికి చోటుండదు. పైకి ఎంతైనా ఉంది. అందుకే ఒకదాని మీద ఒకటి నిలబడే స్క్రీన్ అంటే ఆశ పుట్టింది.

ఎడమచేతి_వాటం | నవంబరు 22, మధ్యాహ్నం 3:05

పట్టీ రకం రెండేళ్ళు వాడాను. కంపెనీ పేరు అనవసరం. నా అనుభవం మాత్రం చెబుతాను.

పట్టీ పెట్టడానికి కీబోర్డుని ముందు అంచుకి నెట్టేస్తారు. దాంతో మణికట్టు ఆనడానికి చోటు ఉండదు. పెట్టెలో ఒక రెస్టు ఇచ్చారు గానీ ప్రయాణంలో దాన్ని ఎవరు మోస్తారు? టచ్‌ప్యాడ్ కుడివైపు మూలకి, నిలువుగా, అరచెయ్యంత. నాది ఎడమ చెయ్యి. ప్రతిసారీ ఎడమ చెయ్యి కీబోర్డు మొత్తం దాటి కుడి మూలకి వెళ్ళాలి. రెండు నెలలకే భుజం లాగడం మొదలైంది. చివరికి మౌస్ కొన్నాను, ఆ మౌస్‌కి మళ్ళీ బల్ల కావాలి.

పట్టీ పడుకుని ఉంటుంది కాబట్టి పైన ట్యూబులైటు దాంట్లోనే కనపడుతుంది. తర్వాత వచ్చిన మోడళ్ళలో మూత తెరిస్తే పట్టీ కొంచెం పైకి లేస్తుంది, దాని కింద నుంచి గాలి కూడా బాగా ఆడుతుంది. నాది అంతకు ముందుది. ఎడమచేతి వాటం వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే షాపులో పది నిమిషాలు కూర్చుని టైపు చేసి చూడకుండా కొనకండి.

సబ్‌టైటిల్_పని | నవంబరు 22, రాత్రి 9:50

నేను రెండు పూర్తి స్క్రీన్లున్నది పదకొండు నెలలుగా వాడుతున్నాను. సబ్‌టైటిల్స్ రాయడం నా పని. పై స్క్రీన్‌లో వీడియో, కింది స్క్రీన్‌లో తెలుగు, ఇంగ్లీషు వరసలు. ఇంతకు ముందు వీడియో చిన్న పెట్టెలో ఆడేది, పాత్ర పెదవి ఎప్పుడు కదిలిందో సరిగా తెలిసేది కాదు. ఇప్పుడు పెదవి కదలగానే వరస మొదలయ్యే టైము కొట్టగలుగుతున్నాను. ఈ ఒక్కదానికే నాకు డబ్బు గిట్టింది.

చిన్న విషయమే గానీ ఎవరూ చెప్పరు: రెండు స్క్రీన్లూ ఒకే సైజు, ఒకే రెజల్యూషన్. కిటికీని పై నుంచి కిందికి లాగినా అక్షరం సైజు మారదు. పోర్టబుల్ మానిటర్ వాడినప్పుడు ల్యాప్‌టాప్‌లో మామూలుగా ఉన్న తెలుగు అక్షరం అందులోకి వెళ్ళగానే ఉబ్బేది, లేదా నలిగిపోయేది. రంగులు కూడా కలిసేవి కావు. ఇంకో మంచి: పై స్క్రీన్ కంటికి ఎదురుగా లేస్తుంది కాబట్టి మెడ వంచడం తగ్గింది. వీడియో కాల్‌లో కెమెరా కూడా ఎత్తులో ఉంటుంది.

చెడు కూడా చెప్పాలి కదా. బ్యాటరీ. నా దాంట్లో 75 వాట్-అవర్ బ్యాటరీ. ఒక స్క్రీన్‌తో ఎనిమిది గంటల దాకా లాగుతుంది, రెండూ వెలిగిస్తే నాలుగున్నర, ఐదు. వెలుతురు పెంచితే ఇంకా తక్కువ. కరెంటు పోయిన చోట కింది స్క్రీన్ ఆపేసి పని చేస్తాను.

ఒళ్ళో పెట్టుకుని రెండు స్క్రీన్లూ వాడటం అనేది మరిచిపోండి. స్టాండుకి గట్టి ఆధారం కావాలి. రైల్లో సైడు లోయర్‌లో ప్రయత్నించాను, బండి ఊగినప్పుడల్లా చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

గాజు మీద తెలుగు టైపింగ్ గురించి పాత_ఇనుము గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక)లో టైపు చేస్తాను. ప్రతి ఒత్తుకీ ముందు పొల్లు కొట్టాలి. 'స్వాతంత్ర్యం' అని గాజు మీద కొట్టి చూడండి, పొల్లు మూడు సార్లు. మీట తగిలితేనే అది చేతికి లయలో వస్తుంది. గాజు మీద ఒక పొల్లు తప్పినా మాట మొత్తం విరిగిపోతుంది.

ఓరుగల్లు_సర్వీసు | నవంబరు 23, ఉదయం 10:20

హనుమకొండలో పదహారేళ్ళ నుంచి ల్యాప్‌టాప్ రిపేర్లు చేస్తున్న. ఇట్లాంటివి నా దగ్గరికి రెండే వచ్చినయి, రెండూ ఒకే కారణం. కీబోర్డు మీద ఏదో మర్చిపోయి మూత మూసిండ్రు. ఒకరిది పెన్ను క్యాపు, ఇంకొకరిది పెన్‌డ్రైవ్.

మామూలు ల్యాప్‌టాప్‌లో మూసినప్పుడు ఒక్క స్క్రీన్‌కే దెబ్బ. దీంట్ల కీబోర్డు రెండు స్క్రీన్ల మధ్యన సాండ్‌విచ్ లెక్క ఉంటది. మెషీన్ అంతా కింది స్క్రీన్ వెనకనే ఉంటది. బోర్డు, బ్యాటరీ, ఫ్యాన్లు అన్నీ. ఇంత సన్నగ చేసినంక కింది స్క్రీన్ మార్చాలంటే సగం మెషీన్ విప్పాలె. ప్యానెల్ బయట మార్కెట్‌ల దొరకదు, కంపెనీ నుంచే రావాలె. ఒకరికి ఐదు వారాలు పట్టింది. ఇంకొకరు ఖర్చు చూసి, ఆ పైసలతో ఒక మామూలు ల్యాప్‌టాప్ వస్తదని రిపేరే చేయించుకోలే.

మేడమ్, కొంటే కొనండి, నేను వద్దంటలేను. కానీ యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ తీసుకోకుండ మాత్రం కొనకండి. మూడేళ్ళకి ఇస్తే మూడేళ్ళకీ తీసుకోండి. మీకు దగ్గర్ల ఆథరైజ్డ్ సెంటర్ ఎక్కడున్నదో కొనకముందే ఫోన్ చేసి అడగండి.

ఇంకోటి, వీటి స్క్రీన్లు ఓఎల్ఈడీవి. ఓఎల్ఈడీ మీద కదలకుండ ఉండే బొమ్మ రోజూ గంటలకొద్దీ ఉంటే మరక పడుతది. ఎక్సెల్ రిబ్బన్, కింద టాస్క్‌బార్ అట్లాంటివే. టాస్క్‌బార్ దాచే సెట్టింగు పెట్టుకోండి, డార్క్ మోడ్ వాడండి, లేచి పోయేటప్పుడు స్క్రీన్ ఆపండి.

కాకినాడ_కోడ్ | నవంబరు 23, మధ్యాహ్నం 12:10

రెండు ముక్కలు. ఒకటి, ఇంటి నుంచి సర్టిఫికేషన్ పరీక్షలు రాసేవాళ్ళు జాగ్రత్త. పియర్సన్ వ్యూ లాంటి ఆన్‌లైన్ పరీక్షల్లో ఒకే డిస్‌ప్లే ఉండాలి. కీబోర్డు కింది స్క్రీన్ మీద పెట్టి అది ఆగిందని చూసుకున్నాకే మొదలుపెట్టండి. రెండు, లైనక్స్ వాడేవాళ్ళకి ఆ కీబోర్డు పెడితే స్క్రీన్ ఆగడం అనేది దానంతట అది జరగకపోవచ్చు. వాడకందార్లు రాసి పెట్టిన స్క్రిప్టులు ఉన్నాయి, వాటిని వెతుక్కోవాలి.

విండోస్‌లో ఈ షార్ట్‌కట్ నేర్చుకుంటే చాలు: విండోస్ కీ, షిఫ్ట్, ఎడమ లేదా కుడి బాణం గుర్తు. ఉన్న కిటికీ అవతలి స్క్రీన్‌కి వెళ్ళిపోతుంది.

ఫార్ములా_బార్ | నవంబరు 23, సాయంత్రం 5:45

అందరూ హార్డ్‌వేర్ గురించే చెబుతున్నారు. నాకు అసలు ప్రశ్నే వేరుగా కనపడుతోంది. 2బిని పర్చేజ్ రిజిస్టర్‌తో కళ్ళతో పోల్చడం ఎందుకండీ? టాలీప్రైమ్‌లోనే 2బి రీకన్సిలియేషన్ (పద్దులతో సరిపోల్చడం) ఉంది. లేదంటే ఎక్సెల్‌లో జీఎస్టీ నంబరు, ఇన్‌వాయిస్ నంబరు కలిపి ఒక కీ చేసి ఎక్స్‌లుకప్ (వెతికి జత చేసే ఫార్ములా) కొడితే రెండు నిమిషాల పని. మెషీన్ చేసే పనికి కళ్ళు పెట్టి, ఆ కళ్ళకి రెండో స్క్రీన్ కొంటున్నారేమో ఆలోచించండి.

తెనాలి_పద్దు | నవంబరు 23, రాత్రి 10:05

ఫార్ములా_బార్ గారూ, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. రీకన్సిలియేషన్ వాడతాను. నూటికి ఎనభై వాటంతట అవే కలిసిపోతాయి. నా టైమంతా తినేది మిగతా ఇరవై. సప్లయర్ పోర్టల్‌లో 'ఎస్ఎల్/0417/25-26' అని వేస్తాడు, మా గుమస్తా గారు టాలీలో '417' అని కొడతారు. ఒకే సప్లయర్‌కి రెండు రాష్ట్రాల్లో రెండు జీఎస్టీ నంబర్లు ఉంటే ఒక నంబరు బిల్లు ఇంకో నంబరు కింద పడుతుంది. ఒక బిల్లు మీద ఫ్రైటు (రవాణా ఖర్చు) కలిపి వేస్తారు, ఇంకోదాంట్లో విడిగా. ఇవి కాగితం బిల్లు చేతిలో పట్టుకుని, పోర్టల్ వరసా టాలీ వరసా రెండూ ఎదురుగా చూస్తేనే తేలతాయి. నేను 1,08,600 దగ్గర పొరపాటు పడింది కూడా ఆ ఇరవైలోనే.

అయినా మీరు చెప్పిన మాటతో ఒక పని చేశాను. ఇన్‌వాయిస్ నంబరు బిల్లు మీద ఎలా ఉంటే అలాగే కొట్టమని గుమస్తా గారికి చెప్పాను. వచ్చే నెల ఇరవై కాస్తా పది అయితే అదే చాలా మేలు.

పిక్సెల్_బాబాయ్ | నవంబరు 24, ఉదయం 7:30

మేడమ్, కొనేముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. 14 అంగుళాల డుయో వెడల్పు 31 సెంటీమీటర్ల పైన కొంచెం, లోతు దాదాపు 22. నిలబెట్టినప్పుడు వెనకాల స్టాండుకీ ముందు కీబోర్డుకీ కలిపి లోతు 40 అనుకోండి. ఒక న్యూస్ పేపరు తీసుకుని 32 × 40కి మడవండి. ఇంకో పేపరు 70 × 25కి. అది మీ ల్యాప్‌టాప్, పక్కన పోర్టబుల్ మానిటర్. రెండూ బ్యాగులో వేసుకుని ప్రతి క్లయింటు బల్ల మీదా పరిచి చూడండి. బిల్లులూ టీ గ్లాసూ తియ్యకుండా.

తెనాలి_పద్దు | డిసెంబరు 3, రాత్రి 9:15

బాబాయ్ గారూ, పేపరు పరిచాను. ఏడు చోట్ల. గుమస్తాలు వింతగా చూశారు గానీ చాలా ఉపయోగపడింది.

70 పేపరు రెండు చోట్లే పట్టింది, రెండూ రైసు మిల్లులే. అక్కడ బల్లలు పెద్దవి. 32 × 40 పేపరు ఐదు చోట్ల పట్టింది. యార్డులో నలుగురిలో ముగ్గురి దగ్గర సరిపోయింది. నాలుగో కొట్టులో దేనికీ చోటు లేదు, అక్కడ నేను ఇప్పటికీ స్టూలు మీద కూర్చుని ఒళ్ళోనే పెట్టుకుంటాను. మంగళగిరి చీరల షాపులో బల్ల అనేదే లేదు, పరుపు మీద కూర్చోవాలి. సబ్‌టైటిల్_పని గారు చెప్పినట్టు అక్కడ ఒక స్క్రీనే.

విజయవాడ వెళ్ళి షాపులో డెమో పీసు మీద అరగంట కూర్చున్నాను. పై స్క్రీన్‌లో ఒక ఎక్సెల్, కింద ఒక ఎక్సెల్ తెరిచి నూట ఇరవై వరసలు పోల్చి చూశాను. ఆల్ట్ ట్యాబ్ ఒక్కసారి కూడా కొట్టలేదు. తల పైకీ కిందికీ కాదు, కళ్ళు మాత్రమే కదిలాయి. ఒక్కటే ఇబ్బంది, గాజు మెరుస్తుంది. షాపు లైట్లన్నీ కింది స్క్రీన్‌లో కనపడ్డాయి.

తెనాలి_పద్దు | డిసెంబరు 22, రాత్రి 11:00

తీసుకున్నాను. 14 అంగుళాలది, మూడేళ్ళ డ్యామేజ్ కవర్‌తో కలిపి. బడ్జెట్ కొంచెం దాటింది. ఈ నెల 14 నుంచి 20 దాకా దీంతోనే చేశాను. ఏడుగురిదీ 19 మధ్యాహ్నానికి అయిపోయింది. పోయిన నెల 20 రాత్రి పదకొండున్నరకి చివరిది వేశాను. అందులో ఇన్‌వాయిస్ నంబర్లు సరిగ్గా కొట్టిన గుమస్తా గారి వాటా కూడా ఉంది, ఫార్ములా_బార్ గారికి ధన్యవాదాలు.

బ్యాటరీ నాకు నాలుగు గంటలే వచ్చింది, యార్డులో వెలుతురు ఎక్కువ కాబట్టి స్క్రీన్ వెలుగు పెంచాల్సి వచ్చింది. చార్జర్ లేకుండా బయల్దేరడం కుదరదు.

ఇప్పుడు రెండు సందేహాలు. యార్డులో రోజంతా మిర్చి దుమ్ము. సాయంత్రానికి కింది స్క్రీన్ మీద సన్నగా ఎర్రటి పొర పడుతోంది. కీబోర్డు పెట్టి మూసేస్తే ఆ దుమ్ము మధ్యలో నలిగి గాజు గీసుకుంటుందా? రెండోది, కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకోవచ్చా? మా అమ్మాయికి తెలుగు టైపింగ్ నేర్పుదామని.

ఓరుగల్లు_సర్వీసు | డిసెంబరు 23, ఉదయం 9:40

మేడమ్, దుమ్ము తుడవకుండ అస్సలు మూయకండి. మిర్చి దుమ్ముల గింజ పలుకు, ఇసుక రేణువులు కూడ ఉంటయి. పొడి గుడ్డతోని రుద్దితే అదే గీత పడుతది. ముందు మెత్తటి బ్రష్షుతోని గానీ చిన్న గాలి పంపుతోని గానీ ఊదేయండి, నోటితోని ఊదకండి, తుంపర పడుతది. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ కొంచెం తడి చేసి, నొక్కకుండ ఒకటే దిక్కుకి తుడవండి. కీబోర్డు అడుగు భాగం కూడ తుడవాలె, గాజుకి ఆనేది అదే. ఫ్యాన్ల గాలి లోపలికి పోయే చోట కూడ నెలకోసారి చూసుకోండి, ఆ ఎర్ర దుమ్ము లోపల పేరుకుంటే వేడెక్కుతది.

స్టిక్కర్లు వద్దు. మూసినప్పుడు మీటలకీ పై స్క్రీన్‌కీ మధ్యన సందు శానా తక్కువ. స్టిక్కర్ అంచు లేస్తే జిగురు పోయి గాజుకి అంటుతది.

సబ్‌టైటిల్_పని | డిసెంబరు 23, మధ్యాహ్నం 2:20

పాపకి స్టిక్కర్లు అక్కర్లేదు మేడమ్. కింది స్క్రీన్ మీద విండోస్ ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెరిచి, దాన్ని తెలుగులో పెట్టండి. ఏ మీట మీద ఏ అక్షరమో అందులో కనపడుతుంది. టైపింగ్ మాత్రం ముందున్న మీటల కీబోర్డు మీదే చేయించండి. మా అబ్బాయి అలాగే చూసి నేర్చుకున్నాడు, మూడు వారాలకి కిందికి చూడటం మానేశాడు.